చల్లదనాన్ని దాచే పదార్థాలు: కరగడం సులువే, తిరిగి గడ్డకట్టడమే కష్టం

టీకాల రోజు పొద్దున ఏఎన్ఎం డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకులను వెంటనే వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టదు. బల్ల మీద వరసగా పరిచి, కాసేపు ఆగి, ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడితేనే అది పెట్టెలోకి వెళ్తుంది. శిక్షణలో దీన్ని కండిషనింగ్ అంటారు. అప్పుడే తీసిన ప్యాక్ మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని పక్కన పెడితే పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ లాంటి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. కొద్దిగా కరిగిన ప్యాక్ సంగతి వేరు. మంచూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపూ అది సున్నా డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. బయట 42 డిగ్రీల ఎండ కాస్తున్నా, లోపలికి చొరబడిన వేడి మంచును కరిగించడానికే ఖర్చవుతుంది, ఉష్ణోగ్రతను పెంచడానికి మిగలదు.

ఈ సూత్రాన్నే ఇప్పుడు గోడల్లో, పాల కేంద్రాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, ఎండలో పనిచేసేవాళ్లు తొడుక్కునే జాకెట్లలో వాడుతున్నారు. కరుగుతూ వేడిని మింగి, గడ్డకడుతూ దాన్ని వదిలే ఇలాంటి పదార్థాలను ఫేజ్ చేంజ్ మెటీరియల్స్ అంటారు, పొట్టిగా పీసీఎం. వీటి ప్రచారంలో ‘కరెంటు అక్కర్లేని చల్లదనం’ అనే మాట తరచు వినిపిస్తుంది. ఆ మాటను నేను ఒప్పుకోను. పీసీఎం చల్లదనాన్ని పుట్టించదు. మధ్యాహ్నపు వేడిని తనలో ఉంచుకుని తర్వాతెప్పుడో వదులుతుంది. అది అప్పు లాంటిది. తీర్చే వేళా తీర్చే చోటూ ఉంటేనే అప్పు అక్కరకొస్తుంది. విజయవాడలో మే నెల రాత్రి ఆ బాకీ తీరుతుందా? పీసీఎం గురించి మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. పదార్థం ఎంత గొప్పదన్నది ఆ తర్వాతి సంగతి.

కరిగేటప్పుడు ఏం జరుగుతుంది

హైస్కూలు భౌతికశాస్త్రంలో గుప్తోష్ణం పాఠం అందరం చదివాం. గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు కావాలని బట్టీ పట్టాం. ఆ అంకె ఎంత పెద్దదో మాత్రం తరగతి గదిలో తెలిసిరాదు. కిలో మంచు సున్నా డిగ్రీల దగ్గర కరిగి సున్నా డిగ్రీల నీరుగా మారడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంతే వేడిని ఆ నీటికే ఇస్తే అది 80 డిగ్రీల దాకా కాగుతుంది. చేయి పెడితే బొబ్బలెక్కేంత వేడి! అదంతా థర్మామీటరులో ఒక్క గీత కూడా కదపకుండా మంచులోకి దిగిపోతుంది. గ్లాస్గోలో పనిచేసిన జోసెఫ్ బ్లాక్ 1760ల్లో దీన్ని కొలిచి చూపించాడు.

నీరు ఆవిరయ్యేటప్పుడు ఇంతకన్నా ఎన్నో రెట్లు వేడిని తీసుకుంటుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో కిలోకు 2,400 కిలోజౌళ్ల పైమాటే. కుండలో నీళ్లు చల్లబడేది అందువల్లే. అయితే కుండ నుంచి వెళ్లిన ఆవిరి మళ్లీ వెనక్కి రాదు. రోజూ కొత్త నీళ్లు పోయాలి. ఆవిరిని పట్టి ఉంచుదామంటే, మరిగే చోట నీరు తన పరిమాణానికి 1,600 రెట్లకు మించి ఉబ్బుతుంది. ఏ పెట్టెలోనూ పట్టదు. అందుకే నిల్వ కోసం ఘనం నుంచి ద్రవానికి, ద్రవం నుంచి ఘనానికి మారే పదార్థాలనే ఎంచుకుంటారు.

ఇక్కడ ఒక పొరపాటును సరిదిద్దాలి. సౌర థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో కరిగిన ఉప్పు నిల్వ గురించి వినేవుంటారు. సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ కలిపిన ఆ ఉప్పు పేరుకు కరిగినదే అయినా అక్కడ పీసీఎంగా పనిచేయదు. 290 డిగ్రీల నుంచి 565 డిగ్రీల మధ్య ద్రవంగానే ఉండి వేడెక్కుతూ, చల్లబడుతూ ఉంటుంది. అది వేణ్నీళ్ల ట్యాంకు జాతి.

మంచు ఉండగా ఇంకోటి ఎందుకు

మంచు చవక, విషం కాదు, అంటుకోదు, ఎన్ని వేలసార్లు కరిగి గడ్డకట్టినా అలిసిపోదు. దానికున్న లోపం ఒక్కటే: సున్నా దగ్గర మాత్రమే పనిచేస్తుంది. 13 డిగ్రీల్లో ఉండాల్సిన మామిడిపండును మంచు మీద పెడితే నల్లబడుతుంది. 26 డిగ్రీల్లో ఉంచాలనుకున్న గదికి సున్నా దగ్గర గడ్డకట్టే పదార్థం వాడితే, దాన్ని గడ్డకట్టించడానికి ఫ్రీజర్ కావాలి. అందుకని మనకు కావలసిన ఉష్ణోగ్రతకు దగ్గర్లో కరిగేదాన్ని వెతకాలి.

అలాంటిది మన ఇళ్లలోనే ఒకటుంది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పుష్యమాసం పొద్దున సీసాలో తెల్లగా బిగుసుకుని, పదింటికల్లా ఎండ తగిలి జారుగా మారేది అందుకే. కిలోకు సుమారు నూరు కిలోజౌళ్ల వేడిని పట్టుకోగలదు, అంటే మంచులో మూడో వంతు. నెయ్యి ఇంకో పాఠం చెబుతుంది. నెయ్యిలో రకరకాల కొవ్వులుంటాయి, ఒక్కోటి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది. అందుకే నెయ్యి పూస కడుతుంది, సగం గట్టిగా సగం జారుగా గంటల తరబడి ఉంటుంది. పీసీఎంగా అమ్మే చవక మైనాల్లోనూ ఇదే జరుగుతుంది. శుద్ధమైన ఆక్టాడెకేన్ అనే పారాఫిన్ సరిగ్గా 28 డిగ్రీల దగ్గర కరుగుతూ కిలోకు 240 కిలోజౌళ్లకు పైగా మింగుతుంది. నూనె శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే కలగలుపు మైనం అయితే పదేసి డిగ్రీల విస్తీర్ణంలో మెల్లమెల్లగా కరుగుతుంది. గదికి పనికొచ్చేది రెండు మూడు డిగ్రీల విస్తీర్ణమే. మిగిలిన వేడి లెక్క కాగితం మీదే ఉండిపోతుంది. ఎవరైనా కరపత్రంలో ‘కిలోకు 200 కిలోజౌళ్లు’ అని రాస్తే, ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రత మధ్య అని అడగాలి.

సున్నాకు దిగువన కావాలంటే ఉప్పు సాయం తీసుకుంటారు. కుల్ఫీ బండివాళ్లకు ఇది తెలిసిన విద్యే. మంచులో ఉప్పు కలిపితే దాని కరుగు ఉష్ణోగ్రత దిగుతుంది. మామూలు ఉప్పు సుమారు 23 శాతం ఉన్న నీరు మైనస్ 21 డిగ్రీల దగ్గర మొత్తం ఒక్కసారిగా గడ్డకడుతుంది, అక్కడే ఒక్కసారిగా కరుగుతుంది. ఐస్‌క్రీమ్ వ్యాన్ల గోడల్లో ఉండే యూటెక్టిక్ ప్లేట్లలో ఇలాంటి ఉప్పు ద్రావణాలే ఉంటాయి. రాత్రంతా డిపోలో కరెంటుకు తగిలించి గడ్డకట్టిస్తారు, పగలంతా దుకాణాలు తిరుగుతారు.

పారాఫిన్లకు పోటీగా నిలిచేవి నీటిని తమలో కట్టిపెట్టుకున్న ఉప్పులు. గ్లాబర్ ఉప్పు, అంటే పది నీటి అణువులున్న సోడియం సల్ఫేట్, 32.4 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కిలోకు 250 కిలోజౌళ్ల దాకా పట్టుకుంటుంది. కాల్షియం క్లోరైడ్‌కు ఆరు నీటి అణువులు కలిసినది 29 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇవి పారాఫిన్ కన్నా చవక, అంటుకోవు, తక్కువ చోటులో ఎక్కువ వేడిని ఇముడ్చుకుంటాయి. ఇన్ని సుగుణాలున్నవి ఇంటింటా ఎందుకు లేవు? ఆ జవాబు కోసం 1948కి వెళ్లాలి.

డోవర్ ఇల్లు

అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని డోవర్ ఊళ్లో ఆ ఏడాది ఒక ఇల్లు కట్టారు. హంగేరీ నుంచి వచ్చి ఎంఐటీలో పనిచేసిన మారియా టెల్కెస్ దాని శాస్త్రవేత్త, ఎలియనోర్ రేమండ్ ఆర్కిటెక్ట్, డబ్బు పెట్టింది శిల్పి అమేలియా పీబడీ. ఇంటిని నడిపించిన ముగ్గురూ స్త్రీలే కావడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. చలిదేశం కాబట్టి అక్కడ కావలసింది వెచ్చదనం. దక్షిణం వైపు పైఅంతస్తు పొడవునా అద్దాలు బిగించి, వాటి వెనక వేడెక్కిన గాలిని ఫ్యాన్లతో గదుల మధ్య ఉన్న అరల్లోకి పంపారు. ఆ అరల్లో డబ్బాల నిండా గ్లాబర్ ఉప్పు, మొత్తం 20 టన్నులకు పైగా. పగలు ఉప్పు కరిగేది, రాత్రి గడ్డకడుతూ గదులను వెచ్చగా ఉంచేది. వేరే పొయ్యి గానీ హీటర్ గానీ లేకుండానే రెండు శీతాకాలాలు గడిచాయి. మూడో ఏడాదికి ఉప్పు మొరాయించింది. తర్వాత కొన్నేళ్లకు దాన్ని తీసేసి మామూలు హీటర్లు పెట్టారు.

జరిగింది ఇదీ. గ్లాబర్ ఉప్పు మంచులాగా శుభ్రంగా కరగదు. 32.4 డిగ్రీల దగ్గర తనలోని నీటిని వదిలేస్తుంది. ఆ నీటిలో ఉప్పు చాలావరకు కరిగిపోయినా కొంత భాగం నీరు లేని పొడిగా మిగులుతుంది. పొడి బరువు గనక అడుగున పేరుకుంటుంది. చల్లబడేటప్పుడు ఆ పొడికి తన నీరు మళ్లీ దొరకాలి. కానీ నీరు పైన ఉంది, మధ్యలో కొత్తగా కట్టిన స్ఫటికాల పొర అడ్డు పడింది. అడుగున పొడి అలాగే ఉండిపోతుంది. ప్రతి విడతకూ కొంచెం కొంచెం చొప్పున నిల్వ శక్తి తరిగిపోతుంది. ఒకటి రెండుసార్లు పరీక్షిస్తే ఇది బయటపడదు. వందలసార్లు కరిగి గడ్డకట్టాకే తెలుస్తుంది.

రెండో చిక్కు అతిశీతలనం. చాలా ఉప్పులు గడ్డకట్టాల్సిన ఉష్ణోగ్రత దాటి కిందికి దిగినా ద్రవంగానే ఉండిపోతాయి. స్ఫటికం మొదలవడానికి ఏదో ఒక చిన్న రేణువు ఆసరా కావాలి. చేతులు వెచ్చబెట్టుకోవడానికి వాడే సోడియం ఎసిటేట్ సంచులు చూసినవాళ్లకు ఇది తెలుసు. 58 డిగ్రీల దగ్గర గడ్డకట్టాల్సిన ద్రవం గది చల్లదనంలోనూ కదలకుండా ఉంటుంది. లోపలి లోహపు బిళ్లను నొక్కగానే క్షణాల్లో గడ్డకట్టి వేడెక్కుతుంది. సంచికి అది వరం, గోడకు శాపం. 29 దగ్గర గడ్డకట్టాల్సింది 20 దాకా దిగితే తప్ప కట్టనంటే మన ఊళ్లలో అది ఎప్పటికీ కట్టదు.

రెంటికీ మందులున్నాయి. గ్లాబర్ ఉప్పులో కొద్దిగా బోరాక్స్ కలిపితే స్ఫటికం సకాలంలో మొదలవుతుందని కనిపెట్టింది టెల్కెసే. కాల్షియం క్లోరైడ్‌కు స్ట్రాన్షియం క్లోరైడ్ ఆ పని చేస్తుంది. పొడి అడుగుకు దిగకుండా బెంటొనైట్ బంకమన్నో, సెల్యులోజో కలిపి జిగటగా చేస్తారు. పెద్ద డబ్బాల బదులు పలచని పళ్లాల్లో, సంచుల్లో నింపుతారు. ఇవన్నీ పనిచేస్తాయి. కానీ కలిపిన ప్రతి వస్తువూ చోటు తింటుంది, ధర పెంచుతుంది. రోజుకొక్కసారి కరిగి గడ్డకట్టినా పదేళ్లకు 3,650 సార్లు అవుతుంది. కొనేవాళ్లు ఆ అంకెకు హామీ అడగాలి.

మైనం మందం, రాత్రి నిడివి

పారాఫిన్‌కు ఈ జబ్బులు లేవు. దాని జబ్బు వేరు: అది వేడిని తనలోంచి పోనివ్వదు. రాగి ఉష్ణవాహకత 400 దాకా ఉంటే మైనానిది 0.2. మంచుది కూడా 2 దాటుతుంది. గడ్డకట్టడం ఎప్పుడూ అంచు నుంచి మొదలవుతుంది. ముందు గట్టిపడిన పొర లోపలి ద్రవానికి దుప్పటై కూర్చుంటుంది. పొర మందమైనకొద్దీ లోపలి వేడి బయటికి రావడం కష్టమవుతుంది.

ధ్రువ సముద్రాల మీద మంచు పేరుకునే తీరును లెక్కగట్టిన యోజెఫ్ స్టెఫాన్ 1889 ప్రాంతంలోనే ఈ సంగతిని సూత్రంగా చెప్పాడు. మందం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. ఆ సూత్రంతో మైనాన్ని లెక్కగడదాం. ఒక వైపు నుంచి, కరుగు ఉష్ణోగ్రత కన్నా ఐదు డిగ్రీలు చల్లగా ఉన్న రేకు తగులుతోందనుకుంటే, సెంటీమీటరు మందం గడ్డకట్టడానికి రెండు గంటల పైచిలుకు పడుతుంది. రెండు సెంటీమీటర్లకు తొమ్మిది గంటలు. మూడు సెంటీమీటర్లకు ఇరవై గంటలు, అంటే తెల్లారిపోతుంది, మళ్లీ ఎండెక్కుతుంది, గడ్డకట్టడం పూర్తికాదు. చల్లదనం తేడా ఐదు బదులు రెండే డిగ్రీలుంటే సెంటీమీటరుకే ఐదున్నర గంటలు కావాలి. ఇది ఉదారంగా వేసిన లెక్క. గాలికీ రేకుకీ మధ్య అడ్డును ఇందులో కలపలేదు.

అందుకే పీసీఎం పరిశోధనలో సగం శ్రమ పదార్థం మీద కాదు, దాన్ని పలచగా పరచడం మీద పోతుంది. అల్యూమినియం రెక్కలు దూర్చడం, గ్రాఫైట్ కలపడం, కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో మైనాన్ని బంధించి జిప్సం బోర్డులో కలపడం అన్నీ ఈ ఒక్క కష్టం గట్టెక్కడానికే. గుళికలకు ఇంకో పని కూడా ఉంది. మైనం కరిగితే పదో వంతుకు పైగా ఉబ్బుతుంది. తొడుగు గట్టిగా లేకపోతే కారుతుంది. అది మండే పదార్థం. ఇంటి గోడలో వంద కిలోల మైనం పెడతామని ఎవరైనా అంటే నిప్పు పరీక్ష కాగితాలు చూడకుండా ఒప్పుకోకూడదు.

మే నెల రాత్రి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గదిని 26, 27 డిగ్రీల దగ్గర నిలపాలని 26 డిగ్రీల పీసీఎంను పైకప్పు కింద బిగించామనుకుందాం. అది పగలు కరిగింది. రాత్రి గడ్డకట్టాలంటే దాని చుట్టూ గాలి 26 కన్నా చల్లగా, కనీసం నాలుగైదు డిగ్రీలు చల్లగా, కొన్ని గంటలపాటు ఉండాలి. హైదరాబాద్‌లో మే నెల కనిష్ఠ ఉష్ణోగ్రతే సగటున 26 చుట్టుపక్కల. విజయవాడలో 27, 28. అదీ తెల్లవారుజామున కాసేపు, అదీ వాతావరణ కేంద్రం పెట్టెలో. పగలంతా కాగిన స్లాబు కింద, ఇళ్లు ఇళ్లకు ఆనుకున్న వీధిలో, రాత్రి రెండింటికి కూడా 30 దిగదు. ఏప్రిల్ చివర్లో ఒకసారి కరిగిన పీసీఎం వానలు పడేదాకా ద్రవంగానే ఉండిపోతుంది. ఆ నెలన్నరా అది కప్పుకు వేలాడే బరువు మాత్రమే. మనకు చల్లదనం ఎక్కువగా కావలసింది సరిగ్గా ఆ నెలన్నరలోనే.

బెంగళూరులో కథ మారుతుంది. ఏప్రిల్‌లోనూ అక్కడి రాత్రులు 22 డిగ్రీల దాకా దిగుతాయి. మదనపల్లె లాంటి ఎత్తైన చోట్ల కూడా పగటికీ రాత్రికీ తేడా బాగానే ఉంటుంది. అక్కడ రాత్రి కిటికీలు తెరిచి, చిన్న ఫ్యాన్‌తో గాలి ఆడిస్తే బాకీ తీరిపోతుంది. హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో, వానాకాలం తర్వాత కొంత ప్రయోజనం ఉంటుంది. యూరప్‌లో కొలిచిన ఫలితాలను మచిలీపట్నానికి అతికించి అమ్మడం మాత్రం అన్యాయం.

కరుగు ఉష్ణోగ్రత పెంచితే? 36 డిగ్రీల పీసీఎం రాత్రి తప్పకుండా గడ్డకడుతుంది. కానీ గది 36 దాటితే గానీ అది కరగడం మొదలుపెట్టదు. గదిలో దానికి పని లేదు. పైకప్పు మీద, ఇన్సులేషన్‌కు పైన పెడితే మాత్రం పని ఉంది. 60 డిగ్రీలకు కాగే స్లాబు వేడిని అక్కడే ఆపి, రాత్రి ఆకాశంలోకి వదలగలదు. సూత్రం సరైనదే. ఎంత కావాలో చూద్దాం. పదికి పన్నెండు అడుగుల గది కప్పు 11 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు సగటున 40 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు వేడి దిగుతుందనుకుంటే మొత్తం 12,700 కిలోజౌళ్లు. కిలోకు 180 పట్టుకునే పదార్థమైతే 70 కిలోలు కావాలి, ఒక్క గదికి. అదే కప్పుకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేస్తే వేడి లోపలికి రాకముందే చాలా భాగం వెనక్కి వెళ్లిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. సామాన్యుడి ఇంటికి మొదట పూత, తర్వాత ఇన్సులేషన్, ఆ తర్వాత నీడ. పీసీఎం వంతు వీటన్నిటి తర్వాతే అని నా అభిప్రాయం.

చంద్రుడి మీద కూడా ఇదే నియమం. 1971లో అపోలో 15 వ్యోమగాములు నడిపిన రోవర్‌లో బ్యాటరీల, ఎలక్ట్రానిక్ పరికరాల వేడిని మైనం పెట్టెలు పీల్చుకునేవి. షికారు ముగిశాక మూతలు తెరిచిపెట్టేవాళ్లు. వేడి అంతరిక్షంలోకి పోయి మరుసటి ప్రయాణానికి మైనం మళ్లీ సిద్ధమయ్యేది. ఆ మూత తెరిచే వేళను ముందే ఆలోచించారు కాబట్టే అది పనిచేసింది.

ఒంటి మీద, ఊయలలో

ఎండలో పనిచేసే కూలీలకు, ట్రాఫిక్ పోలీసులకు పీసీఎం జాకెట్లు ఇవ్వాలనే ఆలోచన మంచిది. నాకు దాని మీద గౌరవం ఉంది, అందుకే లెక్క దాచకూడదు. రెండు కిలోల పీసీఎం ఉన్న జాకెట్ 400 కిలోజౌళ్లు పట్టుకుంటుంది. గడ్డపారతో పనిచేసే మనిషి ఒంట్లో 300 వాట్ల దాకా వేడి పుడుతుంది. అందులో సగం జాకెట్‌లోకి పోయినా ముప్పావుగంటలో అది నిండిపోతుంది. బయటి ఎండ తినే వాటా దీనికి అదనం. తర్వాత దాన్ని మంచునీళ్లలో ముంచాలి. పని జరిగే చోట మంచునీళ్లుంటే, మార్చుకోవడానికి రెండో జత ఉంటే, జాకెట్ ప్రాణం కాపాడుతుంది. అవి లేకుండా ఇస్తే కూలీ రెండు కిలోల బరువు అదనంగా మోస్తాడు.

ఊయల సంగతి ఇంకా సున్నితం. పుట్టగానే ఊపిరందక మెదడు దెబ్బతిన్న పసిపాపలను తొలి ఆరు గంటల్లోపే 33, 34 డిగ్రీలకు చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచే చికిత్స ధనిక దేశాల్లో స్థిరపడింది. దానికి వాడే యంత్రాలు ఖరీదు. గురుగ్రామ్‌కు చెందిన ప్లస్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్, వేలూరు సీఎంసీ వైద్యులతో కలిసి మిరాక్రేడిల్ అనే పీసీఎం ఊయల తయారుచేసింది. పాప ఒంటి వేడిని పీసీఎం పరుపు తీసుకుంటుంది, దాని కరుగు ఉష్ణోగ్రతే హద్దుగా నిలుస్తుంది కాబట్టి అతిగా చల్లబడే ప్రమాదం మంచుతో పోలిస్తే తక్కువ. సాధనంగా ఇది తెలివైన పని. అయితే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది పాపలపై జరిపిన హెలిక్స్ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. వాళ్లు వాడింది వేరే యంత్రం. చల్లబరచడం వల్ల మరణం లేదా వైకల్యం తగ్గలేదు, చల్లబరిచిన పాపల్లో మరణాలే ఎక్కువగా కనిపించాయి. వైద్యుల మధ్య వాదం ఆగలేదు. పరుపు ఉష్ణోగ్రతను చక్కగా నిలపగలదన్నది ఒక రుజువు. ఆ ఉష్ణోగ్రత మన పాపలకు మేలు చేస్తుందన్నదానికి ఇంకో రుజువు కావాలి.

బాకీ తీర్చే యంత్రం ఉన్నచోట

రాత్రిని నమ్ముకోకుండా, గడ్డకట్టించే పనిని కంప్రెసర్‌కు అప్పగిస్తే మన వాతావరణం అడ్డు రాదు. పీసీఎంకు తెలుగు నేల మీద నిజమైన భవిష్యత్తు ఇక్కడ ఉందని నేను నమ్ముతున్నాను. ఈ దారిలో మనం ఎప్పుడో నడిచాం కూడా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని ఐఎల్ఆర్, అంటే లోపలి గోడల చుట్టూ మంచు కట్టే ఫ్రిజ్, రోజుకు ఎనిమిది గంటల కరెంటు దొరికితే చాలు, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచగలదు. దశాబ్దాల కరెంటు కోతల్లో పిల్లల టీకాలను కాపాడింది ఆ మంచే. సున్నా దగ్గర కరిగే మంచు బదులు ఐదారు డిగ్రీల దగ్గర కరిగే టెట్రాడెకేన్ లాంటిది ప్యాకుల్లో నింపితే టీకా గడ్డకట్టే భయమే ఉండదు.

ఇప్పుడు కరెంటు తీరు మారింది. 2024 మే 30న దేశంలో విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. మధ్యాహ్నం సోలార్ పుష్కలంగా ఉంటుంది. సూర్యుడు దిగాక, ఇళ్లల్లో ఏసీలు మొదలయ్యే వేళకు అది మాయమవుతుంది. అందుకే కేంద్రం 2023లో సవరించిన నిబంధనలు సౌర గంటల్లో మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువకు కరెంటివ్వాలని, పీక్ గంటల్లో ఎక్కువ వసూలు చేయాలని చెబుతున్నాయి. మధ్యాహ్నం మంచు కట్టి సాయంత్రం కరిగించేవాళ్లకు ఇది నేరుగా లాభం.

ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి బలంతో గంటసేపు లాగే వేడి 57 కిలోల మంచు కరిగేంత. సాయంత్రం ఆరు నుంచి పది దాకా నడిపితే సుమారు 230 కిలోలు. 250 లీటర్ల ఫ్రిజ్ లోపలి చోటులో పట్టేస్తుంది. అదే చల్లదనాన్ని పది డిగ్రీల తేడాతో చల్లటి నీళ్లుగా దాచాలంటే 1,800 లీటర్ల ట్యాంకు కావాలి. పారాఫిన్‌గా దాచాలంటే 380 కిలోల మైనం. చోటు విషయంలో మంచును కొట్టేది లేదు. అయితే మంచు కట్టాలంటే చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, మైనస్ ఐదారు డిగ్రీల దాకా దిగాలి. దిగిన ప్రతి డిగ్రీకి కరెంటు ఖర్చు రెండు మూడు శాతం పెరుగుతుంది. మామూలు చిల్లర్‌తో పోలిస్తే పావు వంతు నుంచి మూడో వంతు దాకా అదనం. 20 శాతం రాయితీ ఒక్కటే అయితే ఆ అదనానికే సరిపోదు. పీక్ ధర తప్పించుకోవడం, డిమాండ్ చార్జీ (వాడిన గరిష్ఠ లోడును బట్టి కట్టేది) తగ్గడం, సొంత సోలార్ కలిస్తేనే లెక్క కలిసొస్తుంది. ఏడెనిమిది డిగ్రీల దగ్గర గడ్డకట్టే ఉప్పుల మీద పరిశోధన జరిగేది ఈ అదనాన్ని తప్పించడానికే.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఇంకో రకం. అక్కడ గదినిండా ఉన్న బస్తాలే పెద్ద చల్లని నిల్వ. వాటిని మధ్యాహ్నం ఒక డిగ్రీ ఎక్కువ చల్లబరిచి సాయంత్రం మూడు గంటలు కంప్రెసర్ ఆపితే, ఒక్క పీసీఎం పలక కొనకుండానే చాలా పని జరుగుతుంది. తలుపులు మాటిమాటికీ తెరుచుకునే కూరగాయల గదులకు, లారీలకు పలకలు అవసరం.

పల్లెలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ పాల కేంద్రం. పిండిన పాలు 35 డిగ్రీల మీద వస్తాయి, వీలైనంత త్వరగా 4 డిగ్రీలకు దించాలి. 500 లీటర్లకు తీయాల్సిన వేడి 62,000 కిలోజౌళ్లు, అంటే 190 కిలోల మంచు. పాలు వచ్చేది పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ రెండు వేళల్లోనూ సోలార్ ఉండదు. మధ్యాహ్నం గొట్టాల చుట్టూ మంచు కట్టే ఐస్ బ్యాంక్ పెడితే సాయంత్రం పాలకు వెంటనే అందుతుంది. డీజిల్ జనరేటర్ తప్పుతుంది, చిన్న కంప్రెసర్ చాలు.

పొద్దుటి పాలకు మాత్రం నిన్నటి మంచు పద్నాలుగు గంటలు ఆగాలి. 1833లో బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరి, నాలుగు నెలలు సముద్రం మీద నడిచి, కలకత్తాకు నూరు టన్నుల దాకా చేర్చింది. మద్రాసు మెరీనా ఎదుట ఇప్పుడు వివేకానంద హౌస్‌గా ఉన్న భవనం ఆ మంచును దాచడానికి 1842లో కట్టిన ఐస్ హౌస్. రంపపు పొట్టు చుట్టి చేసిన పని అది. మన ట్యాంకు ఉపరితలం నాలుగు చదరపు మీటర్లనీ బయట 35 డిగ్రీలనీ అనుకుంటే, చుట్టూ నూరు మిల్లీమీటర్ల పఫ్ (వేడిని ఆపే పాలీయురేథేన్ నురగ) ఉన్నచోట పద్నాలుగు గంటల్లో కరిగేది ఐదు కిలోలే. పాతిక మిల్లీమీటర్లే ఉంటే ఇరవై కిలోలు దాటుతుంది. తడిసి మెత్తబడిన పాత పఫ్ అయితే ఇంకా ఎక్కువ. సోలార్ ప్యానెళ్లకు టెండరు పిలవబోయే కేంద్రాలు ముందు ట్యాంకు తొడుగు ఒకచోట విప్పి, లోపల పఫ్ పొడిగా ఉందో లేదో చూసుకుంటే కట్టాల్సిన మంచు ఎంతో, కొనాల్సిన ప్యానెళ్లు ఎన్నో సరిగ్గా తేలుతుంది.